ఎడమ చెంగు పైకి

మా ఊరు చిచిబు. చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలా ఊరు. చలికాలం మొదలైతే పొగమంచు ఆ పళ్ళెంలోకి దిగి ఒక్కోరోజు మధ్యాహ్నమైనా లేవదు. ఆ మంచులో బట్టలు ఆరేసుకుని బతికే పని నాది. నవ్వొస్తే నవ్వండి. నాకీ పని నేర్పిన మా అత్తగారు కూడా నవ్వుతూనే నేర్పింది.

నేను పాత పట్టు కిమోనోలు విప్పుతాను. కిమోనోలో వంపులుండవు, ముక్కలన్నీ నిలువుగా కోసినవే. కుట్లు విప్పితే ఎనిమిది ముక్కలొస్తాయి. వాటిని వరసగా చివరలు కలిపి కుడితే, ఎప్పుడో నేసిననాటి తాను మళ్ళీ చేతికొస్తుంది. దాన్ని కడిగి, సముద్రపు నాచు గంజి పట్టించి, రెండు కొసలా సూదిమొనలున్న వెదురు పుల్లలతో అడ్డంగా బిగించి, పెరట్లో ఈ చివర నుంచి ఆ చివరకి కడతాను. ఆరాక మళ్ళీ కిమోనో కుడతాను. ముప్ఫై రెండేళ్ళుగా ఇదే పని.

మా ఊరి పట్టుకి ఒక గుణముంది. నేయకముందే పడుగు దారాలకి బొమ్మ అద్దేస్తారు. అందుకని బట్టకి లోపలి వైపు, బయటి వైపు అని తేడా ఉండదు. బయటి వైపు వెలిసిపోతే విప్పి, తిరగేసి కుట్టుకుంటే మళ్ళీ కొత్తదే.

"మనుషులకీ ఈ వీలుంటే నిన్ను ఎప్పుడో తిరగేసి కుట్టేదాన్ని, మిసావో" అంటుంది హత్సుయో వదిన.

వదినంటే మావారి అక్క. మావారు పోయి పదకొండేళ్ళు. ఆవిడ భర్త అంతకుముందే పోయాడు. రోజూ పదింటికి సైకిల్ మీద వస్తుంది, కుట్లు విప్పుతుంది, నన్ను నాలుగు మాటలని, చీకటి పడకముందే వెళ్ళిపోతుంది. ఆవిడ నోటికి భయపడి మా వీధి కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి. కానీ నా ఇల్లు కూలిపోకుండా నిలబడిందంటే ఆవిడ వల్లే. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు, చెబితే ఇంకా రెచ్చిపోతుంది.

నాకొక కూతురుండేది. చిగుస.

పళ్ళ డాక్టరు దగ్గర బల్ల ముందు కూర్చుని పేర్లు రాసుకునే ఉద్యోగం. సెలవు రోజొస్తే పాత బట్టల సంతలు పట్టుకుని తిరిగేది. తన అమ్మమ్మకి అమ్మమ్మలు కట్టుకున్న పట్టు కిమోనోలు ఏరి తెచ్చి, కింద నల్లటి తోలు బూట్లు తొడిగి, ఊళ్ళో తిరిగేది. ఒకసారి అలా ఒకటి తెచ్చింది. ఊదారంగు నేల మీద అన్నం పళ్ళెమంత తులిప్ పూలు, వాటి మధ్య నుంచి ఏటవాలుగా నల్లటి మెరుపు గీతలు, ఆవాల రంగు చుక్కలు. పూల అంచులు నీళ్ళలో చెదిరినట్టు ఉన్నాయి, మా ఊరి నేతలో అలాగే వస్తాయి. తొంభై ఏళ్ళ కిందటిది. పారిస్ పోస్టర్లు చూసి వేసిన బొమ్మ అట.

"చూడమ్మా, ఆ కాలం అమ్మాయిలకి మనకంటే ధైర్యమెక్కువ. ఇది కట్టుకుని రైలెక్కేవాళ్ళు!"

"అది కట్టుకుని నువ్వు రైలెక్కితే రైలు ఆగిపోతుంది" అంది వదిన.

"ఆగనీ అత్తా, అప్పుడు నన్ను అందరూ చూస్తారు."

బయటి వైపు ఎండకి బాగా వెలిసింది. తిరగేసి కుట్టిపెట్టమని నన్నడిగింది. రేపు చేస్తానన్నాను. ఊరివాళ్ళ కిమోనోలు వరసలో ఉన్నాయి, డబ్బిచ్చేవాళ్ళవి ముందు చెయ్యాలి కదా. ఊరంతా ఎదురుచూసే మా డిసెంబరు జాతరకి అడిగింది, కాలేదన్నాను. కొత్త సంవత్సరానికి అడిగింది, ఇదిగో అయిపోతుందన్నాను. గత ఏడాది ఫిబ్రవరిలో, కొండ మలుపు దగ్గర మంచు గడ్డకట్టిన రోడ్డు మీద దాని స్కూటర్ జారింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఆ రోజుకి దాని కిమోనో కుట్లైనా విప్పలేదు నేను.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక, దాని పక్కనే కూర్చుని రెండు రోజులూ కుట్టాను. కడగడానికి టైం లేదు. విప్పి, తిరగేసి, కుట్టాను. లోపలి వైపు తులిప్పులు అప్పుడే నేసినంత నిండుగా ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో నాకు చెప్పకండి. నాకు తెలుసు.

శవపెట్టెలో పడుకోబెట్టేముందు వదినే దానికి కట్టింది. కిమోనోకి ఒంటి ముందు ఒకదాని మీద ఒకటి మడిచే రెండు చెంగులుంటాయి. బతికున్నవాళ్ళు కట్టుకుంటే ఎడమ చెంగు పైకి రావాలి. పోయినవాళ్ళకి కుడి చెంగు పైకి. మా దగ్గర పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది, పొరపాటున తిరగేసి కట్టుకుంటే వీధిలో ముసలమ్మలు పరుగెత్తుకొచ్చి సర్దుతారు. పోయినవాళ్ళకి తాము పోయామని తెలియాలి, అందుకే తిరగేస్తారని మా అత్తగారనేది. వదిన పద్ధతి ప్రకారం కుడి చెంగు పైకే కట్టింది.

తర్వాత గదిలో నన్నొక్కదాన్నే కాసేపు వదిలారు. అప్పుడు చూశాను. నిండు తులిప్పుల్లో నా పిల్ల ఎంత బావుందో. ఆ ఒక్క చెంగే దాన్ని శవాన్ని చేసింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరు పెట్టారీ పద్ధతి? నేను నడికట్టు వదులు చేసి, చెంగులు మార్చి, ఎడమది పైకి తెచ్చి మళ్ళీ కట్టాను. మెడపట్టీ సరిచేశాను. ఇప్పుడు నిద్రపోతున్నట్టుంది. బయటికొచ్చి పిల్లలా ఏడ్చాను.

ఎవరూ ఏమీ అనలేదు. మూత వేశారు. తీసుకెళ్ళారు. అది కాలుతున్నంతసేపు పక్క గదిలో కూర్చోబెట్టి మాకు టీ ఇచ్చారు. ఆనవాయితీ అంతే. నేను రెండు కప్పులు తాగాను, బాగా చలిగా ఉందారోజు.

ఇదంతా జరిగి దాదాపు రెండేళ్ళు. ఇక ఈ నవంబరు మాట చెబుతాను.

టోక్యో నుంచి పాత బట్టలు పోగుచేసే ఒకాయన పార్సెల్ పంపాడు. విప్పి, కడిగి, తిరగేసి పంపమని చీటీ. కాగితం మడత తీసి చూస్తే అవే తులిప్పులు. ఊదా, నలుపు, ఆవాల రంగు. ఆ రోజుల్లో ఒక బొమ్మతో ఎన్నో తానులు నేసేవాళ్ళు, ఒకటి దొరికినచోట ఇంకోటి దొరకడం వింత కాదు. వదిన నా మొహం చూసింది.

"తిప్పి పంపేద్దాం. చేతకాదని రాద్దాం."

"ముప్ఫై రెండేళ్ళు చేసి ఇప్పుడు చేతకాదని రాయనా?"

"సరేలే, నీ మొండితనం నువ్వు ఏలుకో" అని కత్తెర తీసుకుంది.

మర్నాడు కడిగి పెరట్లో కట్టాను. పన్నెండు మీటర్ల తులిప్పులు. ఆ రోజు మంచు అసలు లేవలేదు. తాను అవతలి కొస కనబడలేదు, పూలు ఒకదాని వెనక ఒకటి తెల్లటి మంచులోకి నడిచి వెళ్ళిపోయినట్టుంది. వదిన నాలుగున్నరకే వెళ్ళిపోయింది. పిల్లలు ఇళ్ళకి పోవాలని ఐదింటికి ఊరి మైకులో పాట వేస్తారు. ఆ పాట మొదలయ్యేసరికి నేను లోపల సూదులు లెక్కచూసుకుంటున్నాను.

ముందు వాసన వచ్చింది.

జుట్టు కాలిన వాసన. పట్టు కాలినా అదే వాసన వస్తుంది, మా పనివాళ్ళకి బాగా తెలుసు. ఇస్త్రీపెట్టె చూశాను. చల్లగా ఉంది. స్టవ్ చూశాను. ఆపేసే ఉంది. పెరటి వైపు మెట్టు మీద బూట్ల చప్పుడు... ఆగింది. పక్కకి జరిగే తలుపు మెల్లగా జరిగింది.

"అమ్మా, వచ్చేశా. అబ్బా, ఏం చలి!"

తులిప్పుల కిమోనోలో చిగుస. బూట్లు విప్పి, ఎప్పట్లాగే ఒకటి అడ్డంగా పడేసి, లోపలికొచ్చి బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. నా చేతిలో సూదుల డబ్బా జారిపోయింది.

"ఏంటలా చూస్తావ్, దెయ్యాన్ని చూసినట్టు?"

నా కళ్ళు ఒక్కటే చూశాయి... ఎడమ చెంగు పైకి ఉంది. నేను కట్టినట్టే.

"ఇన్నాళ్ళూ ఇంటి దారి దొరకలేదమ్మా" అంది, చేతులు రుద్దుకుంటూ. "ఏ సందులోకి తిరిగినా మంచే. ఇవాళ దూరం నుంచి తులిప్పులు కనబడ్డాయి. వాటిని పట్టుకుని వచ్చేశా."

భయమెయ్యలేదా అని అడుగుతారు. వేసింది. కానీ కన్నపేగు భయానికి లొంగుతుందా? నేను లేచి టీ పెట్టాను. కప్పు దాని ముందుంచాను. అది రెండు చేతులతో పట్టుకుంది, తాగలేదు. టీ మాత్రం చల్లారలేదు. అరగంట తర్వాత కూడా ఆవిరొస్తూనే ఉంది.

"వెళ్ళొస్తానమ్మా" అని లేచింది. ఎక్కడికని అడిగే ధైర్యం లేకపోయింది. అది కూర్చున్న చోట చాప మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

తాను రెండో రోజుకి ఆరిపోయింది. ఆరిన తానును ఎవరూ పెరట్లో ఉంచరు. నేను మళ్ళీ తడిపి కట్టాను.

"మతి పోయిందా?" అంది వదిన.

"గంజి సరిగ్గా పట్టలేదు."

"నీ చేతి గంజి పట్టకపోవడం నా పుట్టుకలో చూడలేదు." అంటూనే ముక్కు ఎగబీల్చింది. "ఏం మాడ్చావు?"

"అన్నం."

ఆవిడ నాకేసి చాలాసేపు చూసింది. నేను తలనొప్పని చెప్పి నాలుగింటికే పంపేశాను. చిగుసకిష్టమని చిన్న బంగాళాదుంపలు వేయించి, సోయా గింజలతో చేసే తీపి మిసో ముద్ద పూసి పెట్టుకున్నాను. దువ్వుకున్నాను కూడా. పెళ్ళిచూపులకి ముస్తాబైనట్టు ముస్తాబై కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే జాలి.

మైకులో పాట. జుట్టు కాలిన వాసన. తలుపు.

ఈసారి దాని మొహం చిన్నబోయి ఉంది. బంగాళాదుంపలకేసి చూసి నవ్వింది, ముట్టుకోలేదు.

"అమ్మా, ఊళ్ళో అందరికీ నామీద కోపమా?"

"కోపమెందుకే?"

"బస్సు డ్రైవరు నన్ను చూసి కూడా తలుపేసేశాడు. డాక్టరుగారి దగ్గరికెళ్తే నా కుర్చీలో ఎవరో పిల్ల కూర్చుంది. నేను పక్కన నిలబడి 'ఇది నా చోటండీ' అన్నా. మూడుసార్లు అన్నా. అది పేజీ తిప్పింది, అంతే." గొంతు తగ్గింది. "నేనేం చేశానమ్మా? ఎవర్నైనా ఏమైనా అన్నానా?"

చెప్పెయ్యాల్సింది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది. చెబితే వెళ్ళిపోతుంది. చెప్పకపోతే రేపు ఐదింటికి మళ్ళీ వస్తుంది. తూకం వేసుకున్నాను, తల్లినై ఉండి.

"ఎవరికీ కోపం లేదు. మంచు కదా, చూసి ఉండరు" అన్నాను.

"నువ్వు చూస్తున్నావుగా. చాలు."

కిమోనో అంచుకేసి చూశాను. కింద, మడమల దగ్గర, తులిప్పు ఒకటి సగమే ఉంది. మిగతా సగం గోధుమరంగుకి తిరిగి, అంచు సన్నగా, ఎర్రగా... పాకుతోంది. మంట లేదు. పొగ లేదు. పిల్లకి తెలియడం లేదు. అది కూర్చున్నంతసేపూ ఆ ఎరుపు నిదానంగా పైకి పాకుతూనే ఉంది.

"ఇంత చలేంటమ్మా?" అంది మళ్ళీ, చేతులు రుద్దుకుంటూ. ఆ గోళ్ళు నల్లగా ఉన్నాయి.

అది వెళ్ళొస్తానని వెళ్ళాక చాప చూశాను. రెండు మోకాళ్ళ చోటా ముదురు గోధుమరంగు. దిండు వేసి కప్పేశాను.

మూడో రోజు వదిన పదింటికి కాదు, ఎనిమిదింటికే వచ్చింది. చెప్పులు విప్పి, నన్ను పలకరించకుండా నేరుగా వెళ్ళి దిండు ఎత్తింది. ఆ రెండు గుర్తులు చూసింది. దిండు మళ్ళీ జాగ్రత్తగా పెట్టేసింది. 

"వస్తోందా?" అంది.

తలూపాను.

"చెంగు నువ్వే మార్చావు కదూ?"

"నీకెలా తెలుసు?"

"మూత వేసేముందు చూశానే తల్లీ. నేను కట్టిన ముడి నాకు తెలీదా?" ఆవిడ కూలబడింది. డెబ్భై ఏళ్ళ మనిషి ఒక్కసారిగా తొంభై ఏళ్ళదిలా కనబడింది. "నేనే మళ్ళీ తిప్పి కట్టాల్సింది. నీ మొహం చూసి చేతులు రాలేదు. ఒక్క చెంగే కదా, ఏమవుతుందిలే అనుకున్నా."

వదిన కళ్ళు తుడుచుకుని నాకేసి తిరిగింది.

"ఇవాళ నువ్వు మార్చాలి, మిసావో."

"మారిస్తే ఇక రాదు."

"రాదు."

"నావల్ల కాదు వదినా."

"కాలిపోతోందే అది! నీకు చూసుకోవడానికి కావాలని రోజూ కాల్చుకుంటావా దాన్ని?"

నన్ను జీవితంలో ఎన్నో మాటలన్న మనిషి. ఏ మాటా అంత లోతుగా దిగలేదు. ఆవిడ వెంటనే నా చెయ్యి పట్టుకుని, "కట్టినవాళ్ళే విప్పాలి. నేనుంటే అది సిగ్గుపడుతుంది" అని వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలో సైకిల్ కూడా మా ఇంటి ముందే మర్చిపోయింది.

ఆ రోజు నేను తానును తడపలేదు. పెరట్లోంచి తియ్యనూ లేదు.

పాట వచ్చింది. అయిపోయింది. రాలేదు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. రాకపోతే బాగుండునని ఒక క్షణం, రాకపోతే చచ్చిపోతానని మరుక్షణం. గదిలో దీపం సన్నగా కొట్టుకుంది. కిటికీ అద్దానికి అవతల మంచు అంటుకుని ఉంది. వాసన... ఎక్కడి నుంచో కాదు. గదిలోంచే.

తల తిప్పాను. అప్పటికే కూర్చుని ఉంది.

తలుపు తెరుచుకోలేదు. బూట్ల చప్పుడు లేదు. కిమోనో నడుం దాకా మాడిపోయి ఉంది. పై సగంలో తులిప్పులు ఎప్పట్లా నిండుగా ఉన్నాయి. మొహం కూడా ఎప్పటిదే.

"అమ్మా, చలి."

"ఇటు రా. చెంగు సరిగ్గా లేదు, సర్దుతాను."

"సరిగ్గానే ఉందిగా?"

"లేదు. నేనే తప్పు కట్టాను."

దగ్గరికి జరిగింది. నడికట్టు మీద చెయ్యి వేశాను. పొయ్యి మీద పెనం ముట్టుకున్నట్టయింది. చెయ్యి వెనక్కి తియ్యలేదు. ముడి విప్పాను. ఎడమ చెంగు పట్టుకుని తెరిచాను. దాని కింద కుడి చెంగు ఉండాలి.

లేదు. కింద ఇంకో ఎడమ చెంగు. అవే తులిప్పులు. పైదానికంటే వేడి.

అదీ తెరిచాను. దాని కింద మరో ఎడమ చెంగు...

"చక్కిలిగింతలు పెట్టకమ్మా" అని నవ్వింది. నవ్వులో ఏదో చిటపట కాలుతున్న చప్పుడు.

ఇంకోటి. ఇంకోటి. నా అరచేతులు చిట్లుతున్నాయి. ఎన్ని తెరిచినా అదే పువ్వు, అదే మెరుపు గీత. లోపల మనిషి లేదు. చేత్తో కుదరదని అప్పుడర్థమైంది. చెప్పందే కుడి చెంగు దొరకదు.

"చిగుసా" అన్నాను. "నువ్వు పోయావే. కొండ మలుపులో. ఫిబ్రవరిలో."

నవ్వు ఆగిపోయింది.

దీపం కొట్టుకోవడం కూడా ఆగింది. అది నాకేసి చూడలేదు. తన గోళ్ళకేసి చూసుకుంది. చాలాసేపటికి చిన్నగా అంది.

"అందుకా?"

"అందుకే."

"నాకు తెలీదమ్మా. నువ్వు బతికున్నవాళ్ళకి కట్టినట్టే కట్టావుగా. పొరపాటున పెట్టారనుకున్నా... లోపల." గొంతులో నింద లేదు. అదే నన్ను చంపేసింది. "చాలాసేపు పిలిచానమ్మా. పక్క గదిలో కప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది. టీ అయ్యాక వస్తావులే అనుకున్నా."

నేను దాని ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. నుదురు కాలింది. కాలనీ అనుకున్నాను. దాని చెయ్యి నా తల మీద పడింది. కూతురి చెయ్యే అది, మీరెవరేమన్నా సరే. జ్వరమొచ్చినప్పుడు నేను దాని తల నిమిరినట్టే నిమిరింది.

"కుడి చెంగు పైకి పెడితే ఇక పిలవక్కర్లేదా?"

"అక్కర్లేదు తల్లీ."

"చలెయ్యదా?"

"వెయ్యదు."

"అయితే పెట్టెయ్యి."

ఈసారి కుడి చెంగు దొరికింది. మామూలు పట్టులా చల్లగా ఉంది. దాన్ని పైకి తెచ్చాను. మెడపట్టీ సర్దాను. నడికట్టు కట్టాను, వదిన కట్టిన ముడే. ఒక్కో మడతకీ దాని మొహం కొంచెం కొంచెంగా అవతలికి పోయింది. ఆఖరికి పెట్టెలో ఉన్నప్పటి మొహమే మిగిలింది. లేచి నిలబడింది. వీధి తలుపు దాకా వెళ్ళి, బూట్లు తొడుక్కోకుండానే ఆగింది.

"వెళ్తానమ్మా" అంది.

వెళ్ళొస్తానని అనలేదు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ అలా అనని పిల్ల. వాసన సన్నగా విడిపోయింది. వీధిలో వదిన సైకిల్ మీద మంచు కురుస్తూ ఉంది. నేను తలుపు దగ్గరే కూర్చుండిపోయాను.

పొద్దున వదిన వచ్చేసరికి నేను చేతులకి తడిగుడ్డ చుట్టుకుని అక్కడే ఉన్నాను. ఆవిడ నా కట్లు మార్చింది, గంజి కాచి తాగించింది, పెరట్లో తాను విప్పి మడతపెట్టి, టోక్యో ఆయనకి తనే చీటీ రాసింది. నేను ఏడుస్తుంటే, "ఏడువు, ఇవాళ నిన్నేమీ అననులే" అంది. గుండెల మీంచి రాయి దిగింది, గుండె కూడా దాంతోపాటే పోయినట్టుంది. అయినా ఆ పొద్దున నాకు కొంచెం నిద్రపట్టింది.

లేచేసరికి వదిన బల్ల పక్కకి జరిపి, మాడిన చాప మార్చాలని దిండ్లు తీస్తోంది. తీసినావిడ వంగినచోటే ఉండిపోయింది.

"మిసావో, నిన్న అది ఒక్కతే వచ్చిందా?"

"ఇంకెవరొస్తారు?"

వెళ్ళి చూశాను. రెండు మోకాళ్ళ గుర్తులు, నేను చూసినవే. వాటి పక్కనే ఇంకో రెండున్నాయి. మోకాళ్ళవి కావు, పాదాలవి. నా అరచేతిలో సగం కూడా లేవు. చిట్టి వేళ్ళన్నీ చాపలోకి గట్టిగా దిగి ఉన్నాయి, ఇప్పుడిప్పుడే నిలబడటం నేర్చుకున్న పిల్లలు పడిపోకుండా వేళ్ళు బిగిస్తారే, అలా.

వదిన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గత ఏడాది ఫిబ్రవరి నుంచి. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది. మధ్యలో ఆపేసి, చెయ్యి ఒళ్ళో దాచుకుంది.

కడుపుతో ఉన్నానని చిగుస నాకు చెప్పలేదు. చెప్పాలని వచ్చి, రేపు మాట్లాడదాంలే అంటే వెనక్కెళ్ళిపోయిన సాయంత్రాలు ఏమైనా ఉన్నాయేమో, వెతుక్కుంటే ఎన్నో ఉన్నాయి. చిగుసకి నా చేతుల్తో కట్టి పంపాను. ఆ పసిదానికి పేరు లేదు, బట్ట లేదు, దాని ఒంటి మీద తిప్పడానికి చెంగే లేదు.

వదిన నా భుజం పట్టుకుని ఇంకోవైపు చూడమంది. మోకాళ్ళ గుర్తుల తర్వాత వీధి తలుపు దాకా మాడిన అడుగులు వరసగా ఉన్నాయి, అవి చిగుసవి, రాత్రి ఏడుపులో నేను చూడనేలేదు. చిన్న పాదాల అడుగులు వాటి వెంట వెళ్ళలేదు. మూడడుగులు తడబడుతూ వేసి, నేను కుట్టుకునే గది వైపు తిరిగి, మూసి ఉన్న ఆ తలుపు ముందు ఆగాయి.